అంతా మంచిగనే ఉంది సార్

భీమ్‌రావు రాకెట్టెక్కి ఆకాశంలోకి పోతున్నాడన్న వార్త పేపర్లో పడిన పొద్దు, ఆర్మూర్ మార్కెట్లో పసుపు బేరాలు కాసేపు ఆగిపోయాయి. అడ్తి దుకాణాల అరుగుల మీద, చాయ్ బండ్ల దగ్గర అందరిదీ అదే ముచ్చట. రష్యా వాళ్ల రాకెట్టట. టికెట్టు వంద కోట్లట.

"ఒక్క దిక్కుకేనా, రానుపోను కలిపా?" అని అడిగాడు ఎంకటి అనే పసుపు వ్యాపారి.

రానుపోను కలిపేనని ఎవరో చెప్పారు.

"అయితే గిట్టుబాటే" అన్నాడు ఎంకటి. అందరూ నవ్వారు.

గంగాకిషన్ నవ్వలేదు. అతనికి ఒళ్లంతా పొంగినట్టయింది. భీమ్‌రావు పసుపు ఫ్యాక్టరీకి మొదటి నుంచీ అతనే మేనేజరు. ఇద్దరూ ఇక్కడి సర్కారు బడిలో ఒకే బల్ల మీద కూర్చొని చదివారు. భీమ్‌రావు తండ్రి అడ్తిదారు, రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టేవాడు. కొడుకు ఆ దుకాణంలోంచి బయలుదేరి పసుపు నూనె తీశాడు, మందుల కంపెనీలు పెట్టాడు, హైదరాబాద్ చుట్టూ భూములు కొన్నాడు, దుబాయిలో మేడలు కట్టాడు. పట్టిందల్లా బంగారమైంది. ఇప్పుడు ఆయన ఆస్తిలో ఆర్మూర్ ఫ్యాక్టరీ ఆవగింజంత కూడా కాదు. అయినా దాన్ని అమ్మలేదు, మూయలేదు. ఎప్పుడొచ్చినా "ఏం కిషన్" అంటూ భుజం మీద చెయ్యి వేసేవాడు. ఆ చెయ్యి పడితే చాలు, గంగాకిషన్ మళ్లీ ఏడాది పాటు అలసట ఎరగకుండా పని చేసేవాడు.

ప్రయాణానికి ముందు భీమ్‌రావు ఆర్మూర్ వచ్చాడు. మార్కెట్ యార్డులో సన్మానం జరిగింది. డప్పులు, దండలు, నవనాథుల గుట్ట దాకా వినబడే మైకులు. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లందరికీ కొత్త చీరలు కట్టించి రెండు వరసల్లో నిలబెట్టాడు గంగాకిషన్. ఒక వరసలో చివర ఆశమ్మ ఉంది. ఉడికిన పసుపును తొట్లలోంచి తోడి ఆరబెట్టే కల్లానికి పంపే పని ఆమెది. నోరు ఊరుకోదు. మొగుడు మస్కట్ పోయి జాడ లేకుండా పోయిన నాటి నుంచి బీడీలు చుట్టి, కూలి చేసి, కూతురు స్వర్ణను పెంచుకొచ్చిన మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుందంటే పక్క వీధికి వినబడేది.

భీమ్‌రావు దండలతో ఆమె ముందుకు వచ్చినప్పుడు ఆశమ్మ ఉన్నట్టుండి అడిగింది. "సారూ, ఆడ ఏముంటది?"

గంగాకిషన్ ఆమెను ఊరుకోమని సైగ చేశాడు. భీమ్‌రావు మాత్రం ఆగి నవ్వాడు. "ఏముండదమ్మా. అంత ఖాళీనే."

"ఏం లేనికాడికి పోనీకి గంత ఖర్సా?"

చుట్టూ నవ్వులు. భీమ్‌రావు కూడా మనసారా నవ్వాడు. "ఆడికెళ్లి చూస్తే మనందరం ఒక్కతీరే కనవడ్తమట. గది చూసొస్తా" అన్నాడు.

"పోయి రాండ్రి సారూ, పదిలంగ పోయి రాండ్రి" అని ఆశమ్మ చేతులెత్తింది. మర్యాదకన్న మాట కాదది. నిజంగానే ఆయన క్షేమం కోరింది.

కారెక్కబోతున్న భీమ్‌రావు చెవిలో గంగాకిషన్ ఒక మాట వేశాడు. "సార్, ఉడకబెట్టే బాయిలర్ పాతదైంది. ఆవిరి వదిలే వాల్వు సతాయిస్తుంది. మార్చాలె."

"కరుణశ్రీకి చెప్పు కిషన్. నీకు నేను వద్దన్ననా ఎప్పుడన్న?" అని భీమ్‌రావు భుజం తట్టాడు.

కరుణశ్రీ హైదరాబాద్ ఆఫీసులో ఆయన పనులన్నీ చూసే మనిషి. గంగాకిషన్ ఆమెకు ఫోన్ చేశాడు. సార్ తిరిగొచ్చేదాకా కొత్త ఖర్చులన్నీ ఆపమని పైనుంచి చెప్పారని ఆమె అన్నది. ఆ మాట భీమ్‌రావు చెప్పాడో, ఆయన కింద ఇంకెవరు చెప్పారో గంగాకిషన్ అడగలేదు. బాయిలర్ చూసే సాయన్న వచ్చి "సార్, వాల్వు పట్టేస్తుంది, నాకు భయమైతుంది" అంటే, "జపాన్ ఆర్డరు ఒక్కటి పోనీ సాయన్నా, జర సంభాళించు" అన్నాడు.

సాయన్న సంభాళించాడు. పసుపు సీజను నడుమన ఒకరోజు, పొద్దున పని మొదలైన కొద్దిసేపటికే, వాల్వు పట్టేసింది. ఉడికే తొట్టి మూత లేచిపోయింది. ఆ చప్పుడు మార్కెట్ దాకా వినబడింది. గంగాకిషన్ పరుగెత్తి లోపలికి వెళ్లేసరికి షెడ్డంతా తెల్లటి ఆవిరి. మనుషులు కనబడలేదు, కేకలే వినబడ్డాయి. మిగతావాళ్లు బయటికి ఉరికారు. ఆవిరి తేలిపోయాక, తొట్టి పక్కన నేల మీద, ఉడుకు పసుపు నీళ్లలో ఆశమ్మ పడి ఉంది.

జీపులో నిజామాబాద్ తీసుకుపోయారు. అక్కడి డాక్టరు చేయగలిగింది చేసి, గంగాకిషన్‌ను పక్కకు పిలిచాడు. "ఒళ్లు చాలావరకు కాలింది. హైదరాబాద్‌లో కాలినోళ్ల కోసమే వేరే వార్డున్న దవాఖానలున్నయి. ఈరోజే తీస్కపోతే బతికే చాన్సుంది. రేపంటే నేను చెప్పలేను. కాకపోతే వాళ్లు ముందే పైసలు కట్టమంటరు."

గంగాకిషన్ కరుణశ్రీకి ఫోన్ చేశాడు.

"అయ్యో, పాపం" అన్నది ఆమె. గొంతులో నిజంగానే బాధ ఉంది. "కానీ గంగాకిషన్ గారూ, సార్ ఇప్పుడు క్వారంటైన్‌లో ఉన్నారు. ప్రయాణం ముందు ఎవర్నీ కలవనివ్వరు. మనసు కలత పడే మాట ఏదీ ఆయన దాకా పోకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు."

"సార్‌కు చెప్పకుండ్రి మేడం. పైసలు పంపియ్యుండ్రి."

"అంత మొత్తానికి సంతకం పెట్టేవాళ్లు ఎవరూ ఇక్కడ లేరండి. రాకెట్ ఎగరడం చూడ్డానికి అందరూ స్పెషల్ ఫ్లైట్లో వెళ్లారు. నా చేతిలో ఉన్నంత పంపిస్తాను."

ఆమె చేతిలో ఉన్నది అంబులెన్సుకూ మందులకూ సరిపోతుంది. అంతే.

గంగాకిషన్ దవాఖాన మెట్ల మీద కూర్చున్నాడు. లోపలి నుంచి ఆశమ్మ మూలుగు వినబడుతోంది. స్వర్ణ, తల్లి చెప్పులు చేతిలో పట్టుకొని, గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఆ పిల్ల ఏడవడం లేదు. అతని వైపే చూస్తోంది. ఆర్మూర్‌లో ఏ పని కావాలన్నా కిషన్ సారును అడిగితే అవుతుందని పుట్టినప్పటి నుంచి విన్న పిల్ల అది.

అతను జీపెక్కి ఆర్మూర్ వెళ్లాడు. నేరుగా గోదాముకు పోయి తాళం తీశాడు. జపాన్‌కు పోవాల్సిన పసుపు కొమ్ములు, పాలిష్ పట్టి, సంచుల్లో కుట్టి వరసలు పేర్చి ఉన్నాయి. ఎంకటిని పిలిపించాడు.

"లారీ తీసుకరా. ఎంత పడ్తదో అంత తీస్కపో. నగదు ఇప్పుడే కావాలె."

ఎంకటి సంచుల మీది కంపెనీ ముద్ర చూశాడు, గంగాకిషన్ ముఖం చూశాడు. "కిషనన్నా, సార్‌కు ఎరికేనా?"

"ఎరికైతది."

భార్య వాణికి సంగతి తెలిసి గోదాము దగ్గరికే పరుగున వచ్చింది. లారీ నిండుతుంటే పక్కకు లాగి, "ఏందయ్యా గీ పని? మనది గాని సరుకు అమ్ముతవా? దొంగతనమంటరు దీన్ని. పోలీసులకు పట్టిస్తరు" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

"పట్టియ్యనీ."

"ఆఫీసోళ్లు ఎవలన్న ఒచ్చేదాక ఆగరాదు?"

"ఆమె ఆగుతదా వాణీ?" అన్నాడు గంగాకిషన్. ఆ తర్వాత, ఆమె కళ్లలోకి చూడకుండా, "నేనే నడుపుమన్న ఆ బాయిలర్‌ను" అన్నాడు.

వాణి లారీ దారికి అడ్డం లేకుండా పక్కకు జరిగింది.

సాయంత్రానికి అంబులెన్సు ఇందల్వాయి దాటి హైదరాబాద్ దారి పట్టింది. ముందు సీట్లో గంగాకిషన్, వెనక తల్లి పక్కన స్వర్ణ. కట్టాల్సింది కట్టారు. ఆశమ్మను అద్దాల గదిలోకి తీసుకుపోయారు. మొదటి కొన్ని రోజులు ఆమె కోలుకుంటున్నట్టే కనిపించింది. ఒకసారి కళ్లు తెరిచి, స్వర్ణను చూసి, "తిన్నవా?" అని కూడా అడిగింది.

రాకెట్ ఎగిరిన రోజు దవాఖాన హాలులో టీవీ ముందు జనం మూగారు. నర్సులు, వార్డుబాయ్‌లు, రోగుల బంధువులు. మంట కక్కుతూ రాకెట్ లేస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. "మన తెలుగోడు, మన నిజామాబాదోడు" అని ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. గంగాకిషన్ చేతులు కూడా వాటంతటవే కలిశాయి. ఒకే బల్ల మీద కూర్చున్నవాడు కదా! ఆ క్షణంలో అతనికి సంతోషమే కలిగింది. పక్కకు తిరిగేసరికి స్వర్ణ టీవీని చూస్తూ నిలబడి ఉంది.

"కాకా, గాయనకు మా అవ్వ సంగతి ఎరికేనా?" అని తల్లి ఉన్న గది దిక్కు చూపింది.

గంగాకిషన్ టీవీ వైపు తిరిగాడు. "ఎరికే బిడ్డా."

"ఏమన్నడు?"

"మంచిగ సూస్కోమన్నడు. ఎంత ఖర్సైనా ఫికర్ చెయ్యకుమన్నడు."

స్వర్ణ ముఖం కాస్త తేటపడింది. "మంచోడే అయితే. మా అవ్వ గూడ గట్లనే అనేది" అన్నది. గంగాకిషన్ అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఆ పిల్లకు ఇంకేం ఇవ్వగలడు?

ఆ తర్వాత కరుణశ్రీ నుంచి ఫోన్ వచ్చింది. సార్ పైనుంచి ఆర్మూర్ జనంతో మాట్లాడతారు, టీవీ చానల్ వాళ్లు మార్కెట్ యార్డులో పెద్ద తెర కడుతున్నారు, మీరు తప్పక ఉండాలి. "సార్ మిమ్మల్ని పేరు పెట్టి అడిగారు. అక్కడ మీరు లేకపోతే ఏమైందని అనుమానపడతారు. రెండు మంచి మాటలు చాలు. ఇంకేమీ వద్దు. ఆయన అక్కడ ఒంటరిగా ఉన్నారు గంగాకిషన్ గారూ, మనం అర్థం చేసుకోవాలి."

అప్పటికి ఆశమ్మకు జ్వరం తగిలింది. పుండ్లకు చీము పట్టిందని డాక్టర్లు మందు మార్చారు. గంగాకిషన్ స్వర్ణకు చెప్పి బస్సెక్కాడు. దారి పొడుగునా ఒకటే అనుకుంటూ వచ్చాడు. చెప్పేస్తా. అందరి ముందు చెప్పేస్తా. ఎవడు ఆపుతాడో చూస్తా.

యార్డులో ఇసుక వేస్తే రాలనంత జనం. బడి పిల్లలు, అడ్తిదారులు, కూలీలు, పోలీసులు. తెర మీద భీమ్‌రావు ప్రత్యక్షమయ్యాడు. ముఖం ఉబ్బి ఉంది, వెంట్రుకలు పైకి లేచి ఉన్నాయి, గాలిలో తేలుతూ నవ్వుతున్నాడు. జనం హోరెత్తారు. పిల్లలు అడిగిన వాటికి ఓపికగా జవాబు చెప్పాడు. మాట అడిగాక జవాబు రావడానికి కాసింత ఆలస్యమయ్యేది. ఆ ఖాళీలో యార్డంతా ఊపిరి బిగబట్టేది.

"గోదావరి కనవడ్డది నాకు" అన్నాడు భీమ్‌రావు. "దారం పోగు లెక్క ఉంది. దాని పక్కన్నే మనూరు ఉంటదని చేతితోని చూపించిన వీళ్లకు. మనమంతా ఎంత చిన్నోళ్లమో! కొట్లాడుకునుడు, గుంజుకునుడు అంత ఉత్తదే అనిపించింది. ఏడుపొచ్చింది." అంటూ నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. కింద ఆడవాళ్లు కూడా కొంగులు కళ్లకద్దుకున్నారు.

తర్వాత, "కిషన్ ఉన్నడా ఆడ?" అని అడిగాడు.

ఎవరో మైకు తెచ్చి గంగాకిషన్ చేతిలో పెట్టారు. కెమెరా దీపం అతని ముఖాన పడింది.

"కిషన్! ఎట్లున్నవ్? ఫ్యాక్టరీ ఎట్ల నడుస్తుంది?"

గంగాకిషన్ నోరు తెరిచాడు. ఆశమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా వేల ముఖాలు, అన్నీ వెలిగిపోతున్నాయి. తెర మీద భీమ్‌రావు చెవి ఒగ్గి, చిన్నపిల్లాడిలా ఆశగా ఎదురుచూస్తున్నాడు. బడిలో లెక్క తప్పినప్పుడు కూడా అట్లాగే చూసేవాడు. వెనక నుంచి చానల్ మనిషి "సార్, మాట్లాడండి" అని సైగ చేశాడు.

"అంతా మంచిగనే ఉంది సార్" అన్నాడు గంగాకిషన్. "మీరు పదిలంగ రాండ్రి."

కాసింత ఆలస్యమయ్యాక ఆ మాట పైకి చేరింది. భీమ్‌రావు నవ్వు ముఖమంతా పరుచుకుంది. జనం మళ్లీ హోరెత్తారు. మైకు వేరే చేతుల్లోకి పోయింది.

ఆ రోజే హైదరాబాద్ తిరిగి వెళ్లాడు. వార్డు ముందు బెంచీ మీద స్వర్ణ కూర్చొని ఉంది. అతన్ని చూసి లేవలేదు. హాలులో టీవీ ఇంకా నడుస్తోంది.

"అవ్వ పోయింది" అన్నది. "నువ్వు టీవీల మాట్లాడినంక జరసేపటికి."

గంగాకిషన్ వార్డు తలుపు దాకా పోయి ఆగాడు.

"ఆయనకు ఎరికే అంటివి గద కాకా" అన్నది స్వర్ణ. గొంతులో కోపం లేదు. తెలియనిది అడుగుతున్నట్టుగానే అడిగింది. "ఎరికైనోడు ఎట్లుంది అని గిట్ల అడుగుతడా? నువ్వు మంచిగనే ఉంది అంటివి. అవ్వ ఆడ లోపల ఉన్నది. నేను ఈడ చూస్తున్న."

గంగాకిషన్ డాక్టర్ల దగ్గరికి పోయాడు. అంబులెన్సు మాట్లాడి ఆశమ్మను ఆర్మూర్ తెచ్చాడు. చర్చి వాళ్లు పాటలు పాడి మట్టి చేశారు. ఎత్తుకునే మనిషి లేక పాట చాలాసార్లు మధ్యలో తడబడింది.

భీమ్‌రావు క్షేమంగా దిగాడు. దిగాక కొన్నాళ్లు సరిగా నడవలేకపోయాడట. ఢిల్లీలో, ముంబైలో సన్మానాలు జరిగాయి. ఆర్మూర్ వచ్చేసరికి వానాకాలం పడింది. ఈలోపు ఆఫీసు మనుషులు వచ్చి గోదాము లెక్క చూసి, గంగాకిషన్‌ను పని ఆపి ఇంట్లో కూర్చోమన్నారు.

భీమ్‌రావు అతన్ని ఫ్యాక్టరీ గదికి పిలిపించాడు. తలుపు వేసి, ఇద్దరే కూర్చున్నారు. భీమ్‌రావు చిక్కిపోయాడు.

"అంత చెప్పిండ్రు నాకు" అన్నాడు. "సరుకు సంగతి మర్సిపో. అది నాకు లెక్క గాదు, నీకు తెల్సు. నన్ను బాధ పెట్టింది గది గాదు కిషన్. నేను అడిగిన గద నిన్ను? మీదికెళ్లి నేనే అడిగిన. ఒక్క మాట చెప్తే హెలికాప్టర్ పంపిస్తుంటి. సింగపూర్ పంపిస్తుంటి ఆమెను. ఎందుకు చెప్పలే?"

అది అబద్ధం కాదు. ఆయన పంపేవాడే. గంగాకిషన్‌కు ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు. అందుకే వార్డు ముందు స్వర్ణ మాట విన్న నాటి నుంచీ అతనికి నిద్ర లేదు. తల వంచుకొని కూర్చున్నాడు.

"నేను చెప్పకపోవుడు తప్పే సార్. గది నా పాపం. సచ్చేదాక మోస్త." గంగాకిషన్ తలెత్తి ఆయన్ను సూటిగా చూశాడు. "కని ఒక్కటి అడుగుత. మీకు చెప్తేనే బతకాల్నా మనిషి? మీ చెవిల పడితే సింగపూర్, పడకపోతే మట్టి. ఇదేం తీరు సార్? ఒక్క వాల్వు మార్చనీకి మీరు ఆకాశంకెళ్లి దిగొచ్చుడు కావాల్నా?"

భీమ్‌రావు ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. "నేను వద్దన్ననా మార్చొద్దని?"

"అనలే సార్. అననక్కర లేకుండె."

భీమ్‌రావు కిటికీలోంచి వానను చూస్తూ మెల్లగా అన్నాడు. "ఆడికెళ్లి చూసినప్పుడు నిజంగ అనిపించింది కిషన్, మనమెంత చిన్నోళ్లమో."

"అది మాకు కిందున్నా ఎరికే సార్" అన్నాడు గంగాకిషన్. జేబులోంచి గోదాము తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టి లేచాడు. భీమ్‌రావు "ఉండు కిషన్" అన్నాడు, కానీ చెయ్యి చాపలేదు. తలుపు తీసుకొని గంగాకిషన్ వానలోకి నడిచాడు.

గంగాకిషన్ మీద కేసు పెట్టలేదు. భీమ్‌రావు స్వర్ణకు డబ్బులిచ్చాడు, ఇల్లు కట్టించాడు, ఫ్యాక్టరీలో కూర్చొని చేసే పని ఇప్పించాడు. ఊళ్లో ఎంతో పొగిడారు. కొత్త బాయిలర్ వచ్చింది. ఆ మరుసటి ఏడు భీమ్‌రావు ఇంకోసారి పైకి పోవడానికి పేరు ఇచ్చాడని పేపర్లో వచ్చింది. గంగాకిషన్ ఎంకటి దుకాణంలో కాంటా దగ్గర తూకం పనికి కుదిరాడు. "వాడు నెత్తి మీద పెట్టుకుంటుండె, వీడు కాలదన్నుకున్నడు" అని జనం అనుకున్నారు. వాణి మాత్రం ఒక్కనాడూ దెప్పలేదు.

స్వర్ణ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకొని ఆ దుకాణం ముందు నుంచే ఫ్యాక్టరీకి పోయేది. ఆమె వచ్చే వేళకు గంగాకిషన్ లోపల సంచుల చాటుకు పోయేవాడు. చాలా రోజులు అట్లాగే గడిచాయి. ఒకరోజు ఆమె నేరుగా దుకాణం అరుగెక్కింది.

"ముఖం ఎందుకు తప్పిస్తవ్ కాకా?"

గంగాకిషన్ సంచి మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాడు.

"నువ్వు సరుకు అమ్మి మా అవ్వను తీస్కపోయినవ్. గది నేను మరువ" అన్నది స్వర్ణ. "టీవీల చెప్పిన మాట గూడ మరువ. రెండు యాదికుంటయి నాకు. ఏం చెయ్యాల్నో నాకు గూడ తెల్వది."

అతని సమాధానం కోసం ఆగలేదు. అరుగు దిగి, చెప్పులేసుకొని, ఫ్యాక్టరీ దిక్కు నడిచింది. గంగాకిషన్ ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ మరునాటి నుంచి సంచుల చాటుకు పోలేదు. ఆమె పోయే వేళకు అరుగు మీదికొచ్చి, తల వంచుకొని నిలబడేవాడు. ఆమె ఒక్కోసారి చూసేది. ఒక్కోసారి చూడకుండానే పోయేది.